కుక్క కాటుకు చెప్పు దెబ్బ కాదు, సూదిమందు

ఈ శీర్షికలో ఇన్నాళ్ళూ కూలిరేట్ల గురించి, బంజరు భూముల గురించి, ఉపాధి పనుల బకాయిల గురించి రాస్తూ వచ్చాను. ఈ వారం కుక్కల గురించి రాస్తున్నాను. "మన కడుపులు కాలుతుంటే కుక్కల గొడవ ఎందుకయ్యా?" అని కొందరు మిత్రులు కోప్పడవచ్చు. పదేళ్ళ క్రితమైతే నేనూ అదే మాట అనేవాణ్ణి. అన్నాను కూడా. ఆ మాటలో ఎంత తప్పుందో ఒక పిల్లవాడి ప్రాణం పోయాక గానీ నాకు తెలిసిరాలేదు. తెలిసిన తర్వాత కూడా ఇంకో తప్పు చేశాను. ఆ రెండూ దాచుకోకుండా చెప్పడానికే ఈ వ్యాసం.

మిరప తోటలో కాటు

ఖమ్మం జిల్లా మిరప కోతలు ఎరిగినవాళ్ళకు ఆ బతుకు గురించి వివరించనక్కర్లేదు. సంక్రాంతి వెళ్ళిందంటే సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్ నుంచి ముఠాలకు ముఠాలు దిగుతాయి. మేస్త్రి ముందు, ఆడా మగా పిల్లాజెల్లా వెనక. తోట పక్కన రేకుల షెడ్డు ఉంటే షెడ్డులో, లేకపోతే పట్టా కప్పుకున్న గుడిసెలో రెండు నెలలు. తలుపు ఉండదు, దీపం ఉండదు. వండుకున్న గంజి వాసనకు రాత్రి కుక్కలు వస్తాయి.

2015 కోతల్లో మా పక్క ఊళ్ళో అలాంటి షెడ్డులో పడుకున్న తొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి కుక్క కరిచింది. చెయ్యి మీద రెండు గాట్లు, నెత్తురు కారింది. తెల్లారి తల్లి ఆ గాయానికి కారం అద్ది గుడ్డ కట్టి కోతకు పోయింది. ఆమెను తప్పుబట్టకండి. కోతకు పోకపోతే ఆ పూట గడవదు. మూడోరోజు నాకు తెలిసి, మోటారు సైకిలు మీద దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయాను. మందు లేదన్నారు. అక్కడినుంచి పెద్దాసుపత్రికి పోయాం. ఒక సూది వేసి, గళ్ళు గీసిన చీటీ ఇచ్చి, మళ్ళీ ఫలానా రోజుల్లో రమ్మన్నారు. గాయంలో వేసే సీరం మాట అక్కడ ఎవరూ ఎత్తలేదు. అడగాలని నాకూ తెలియదు.

రెండో సూది వేయించాం. మూడో సూది నాటికి ఆ తోటలో కోత అయిపోయింది. మేస్త్రి ముఠాను ఇంకో జిల్లాకు తోలుకుపోయాడు. ఖాళీ షెడ్డులో చీటీ పడి ఉందని రైతు నాకు తెచ్చి ఇచ్చాడు. మేస్త్రికి ఫోను చేయాలి, ఆ ఊరి ఆసుపత్రిలో తతిమ్మా సూదులు వేయించమని చెప్పాలి అనుకున్నాను. మీటింగులు, ధర్నాలు, జిల్లా మహాసభ. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం. చేయలేదు.

రెండు నెలల తర్వాత మేస్త్రే ఫోను చేశాడు. "అన్నా, ఆ పిల్లగాడు నీళ్ళు చూసి భయపడ్డాడంట. గాలి తగిలినా గింజుకున్నాడంట. మూడు రోజుల్లో పోయిండు" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

మేం చేసిన ఘనకార్యం

ఆ చావు కబురు చుట్టుపక్కల ఊళ్ళకు పాకింది. జనం ఉడికిపోయారు. కుక్కల్ని చంపాల్సిందే అన్నారు. పంచాయతీకి అర్జీ రాసింది నేనే. కింద సంఘం పేరు పెట్టి సంతకం చేసింది నేనే. మాంసంలో మందు కలిపి వీధుల్లో చల్లారు. తెల్లారేసరికి నలభై దాకా కుక్కలు కాలవగట్టున బారుగా పడి ఉన్నాయి. పెద్ద పని సాధించామనుకున్నాం.

వారం తిరక్కుండానే మా గూడెంలో ఒంటరి ఆడమనిషి ఒకామె నా గుమ్మంలోకి వచ్చింది. ఆమెకున్న ఆస్తి నాలుగు మేకలు. వాటికి కాపలా ఒక కుక్క. "అన్నా, నా కుక్క ఎవరినీ కరవలేదు. దాన్ని సంఘం వాళ్ళే చంపించారంట గదా? రాత్రి రెండు మేకల్ని దొంగలు ఎత్తుకుపోయారు. కుక్కుంటే అరిచేది. ఇప్పుడు నేనేం కావాలె?" అని అడిగింది. అరవలేదు, ఏడవలేదు, అడిగింది అంతే. పోలీసు లాఠీలకు జంకనివాణ్ణి, ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

మరి కుక్కలు తగ్గాయా? ఏడాది తిరిగేసరికి ఎప్పటి లెక్కకు అప్పుడే వచ్చాయి. వచ్చినవాటిలో ఏది ఎక్కడిదో ఎవరికీ తెలియదు. పాతవైతే కనీసం పిల్లల్ని, కూలోళ్ళని ఎరిగి ఉండేవి. చికెన్ కొట్ల వ్యర్థాలు రోడ్డు పక్కన పోస్తున్నంత కాలం, పెళ్ళిళ్ళ విస్తళ్ళు చెరువుకట్ట మీద పారేస్తున్నంత కాలం, ఒక కుక్క చస్తే దాని జాగాలోకి ఇంకో కుక్క వస్తుంది. తిండి ఉన్నచోట నోరు పుడుతుంది. ఇంత చిన్న లెక్క మాకు తట్టలేదు.

మద్రాసు చెప్పిన పాఠం

ఈ లెక్కను మనకంటే ముందు తెలుసుకున్నవాళ్ళు ఉన్నారు. 1959లో మద్రాసు త్యాగరాయనగర్‌లో కెప్టెన్ వి. సుందరం అనే విమాన చోదకుడు వరద నీళ్ళలో కొట్టుకుంటున్న రెండు కుక్కపిల్లల్ని ఇంటికి తెచ్చుకున్నాడు. భార్య ఉష, పిల్లలు, స్నేహితులు కలిసి గాయపడిన జంతువులకు ఇంట్లోనే వైద్యం మొదలుపెట్టారు. అదే బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా. 1964లో రిజిస్టరు అయింది. జీతం తీసుకోని మనుషులు తమ తీరిక వేళల్లో నడిపిన సంస్థ. ఆ ఇంట్లో మొదలైన పని తర్వాత ఆసుపత్రిగా, ఆశ్రయంగా పెరిగింది.

ఆ రోజుల్లో మద్రాసు కార్పొరేషన్ కుక్కల్ని పట్టి కరెంటు పెట్టి చంపేది. అది తెల్లదొరల కాలం నుంచి వస్తున్న పద్ధతి. బ్లూ క్రాస్ వాళ్ళు చెప్పే లెక్క ప్రకారం 1996 నాటికి రోజుకు 135 కుక్కల్ని చంపే స్థితి వచ్చింది. నూరేళ్ళకు పైగా చంపినా తరగలేదు సరికదా, చంపాల్సినవి పెరిగాయి. 1964 నుంచే వాళ్ళు ఒక ప్రత్యామ్నాయం చెబుతూ వచ్చారు. కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయండి, రేబీస్ టీకా వేయండి, పట్టుకున్న చోటే వదలండి అన్నారు. టీకా పడిన కుక్క తన వీధిలో కొత్త కుక్కను రానివ్వదు, రోగాన్నీ రానివ్వదు. కార్పొరేషన్ ఈ మాట వినడానికి 32 ఏళ్ళు పట్టింది. 1996లో గానీ ఒప్పుకోలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 1992 నాటి నిపుణుల నివేదికలో ఇదే చెప్పింది. కుక్కల్ని ఏరివేయడం వల్ల వాటి సంఖ్య గానీ, రేబీస్ గానీ చెప్పుకోదగినంత తగ్గిందనడానికి ఎక్కడా రుజువు లేదని తేల్చింది. మన దేశంలో 2001లో దీనికి నిబంధనలు వచ్చాయి. వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. ఆపరేషన్లు, టీకాలు వేయించాల్సిన బాధ్యత మునిసిపాలిటీలతోపాటు పంచాయతీలది కూడా అని కేంద్రమే చెప్పింది. ఆ సంగతి మన సర్పంచుల్లో ఎందరికి తెలుసు? తెలిసినవాళ్ళకు దానికి డబ్బు ఎవరిచ్చారు?

హైదరాబాదులో కూడా 1992లో అక్కినేని అమల ఇలాంటి సంస్థనే ప్రారంభించారు. అదీ విరాళాల మీద, స్వచ్ఛంద సేవకుల మీద నడుస్తూ వచ్చిందే.

ఆదివారం మనుషులు

మా పక్క పట్నంలో అంత పేరున్న సంస్థ ఏదీ లేదు. ఒక చిన్న గుంపు ఉంది. పశువైద్యశాలలో పనిచేసి రిటైరైన కాంపౌండరు, ఒక బడిపంతులమ్మ, ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు, ఒక ఆటో డ్రైవరు. వారానికి ఆరు రోజులు ఎవరి పని వాళ్ళది. ఆదివారం మాత్రం ఆటోలో ఐసు పెట్టె, వల, గోనెపట్టాలు, బిస్కెట్ పొట్లాలు వేసుకుని బయల్దేరతారు. పెట్రోలు ఖర్చు తలా కొంత వేసుకుంటారు. ముందుగా తాము కూడా రేబీస్ సూదులు వేయించుకున్నారు.

నాలుగేళ్ళ క్రితం వాళ్ళు మా ఊరికి వస్తే నేను ఎగతాళి చేశాను. "అమ్మా, ఇక్కడ మనుషులకే మందుల్లేవు. మీరు కుక్కలకు సూదులు పొడుస్తారా? మీరు మనుషుల పక్షమా, కుక్కల పక్షమా?" అని అడిగాను. ఆ పెద్దాయన, కాంపౌండరు, నిదానంగా జవాబిచ్చాడు. "రేబీసుతో చచ్చే మనిషిని కుక్కే కరుస్తుంది బాబూ. కుక్కకు ఒక్క సూది వేస్తే అది కరవబోయే పదిమందికి వేసినట్టు. మనిషికైతే ఒక్కొక్కరికి నాలుగైదు సూదులు, ఆపైన సీరం. మీరు కూలిజనం లెక్క బాగా కడతారు గదా, ఏది చవకో మీరే చెప్పండి."

ఆ మాట విన్నాక ఎగతాళి చేసిన నోరు మూసుకుని ఆ ఆదివారం వాళ్ళ వెంట తిరిగాను. వీధివీధినా లెక్క రాస్తే 81 కుక్కలు తేలాయి. నూటికి 70 కుక్కలకు టీకా పడితే రోగం సాగే గొలుసు తెగిపోతుందని శాస్త్రం చెబుతోంది. అంటే 57 చాలు. పొద్దున పది గంటలదాకా వాళ్ళ వలకు చిక్కినవి పన్నెండు. వల చూస్తే కుక్క ఊరి పొలిమేర దాటుతోంది. అప్పుడు గూడెం పిల్లలు దిగారు. వాళ్ళకు వల అక్కర్లేదు. పేరు పెట్టి పిలిస్తే కుక్క తోక ఊపుకుంటూ వస్తుంది. మెడ పట్టుకుని కూర్చుంటే కాంపౌండరు గుడ్డపేలికతో మూతి కట్టి, మెడ వెనక చర్మం లేపి సూది వేశాడు. పంతులమ్మ నెత్తిన రంగుబొట్టు పెట్టి పుస్తకంలో రాసుకుంది. పిల్లల చేతులకు ఏమీ కాకుండా ఆ ఆడపిల్లలు పక్కనే కాచుకున్నారు. పొద్దుగూకే సరికి 63 అయ్యాయి.

అప్పుడు నాకు రెండు సంగతులు అర్థమయ్యాయి. పట్నం వాళ్ళు 'వీధి కుక్క' అనేదాన్ని మన గూడెంలో 'మన కుక్క' అంటారు. దానికి గొలుసు ఉండదు, లైసెన్సు ఉండదు, కానీ దాన్ని ఎరిగిన ఇల్లొకటి ఉంటుంది. రెండోది, ఈ పనిలో డబ్బున్నవాడికి లేని బలం కూలోడికి ఉంది. ఊళ్ళో ప్రతి కుక్క ఏ గుమ్మంలో పడుకుంటుందో తెలిసింది మనకే.

నాలుగు మేకల్లో రెండు పోగొట్టుకున్న ఆమె కూడా ఆ సాయంత్రం కొత్త కుక్కపిల్లను చంకనేసుకుని వచ్చింది. నా వంక చూసి, "ఇది కూడా రాసుకోండి" అంది. మూడు నెలలు నిండలేదు, ఇంకో నెల ఆగి వేస్తామన్నారు. నెల తర్వాత ఆ ఒక్కదాని కోసమే ఆటో మళ్ళీ వచ్చింది.

గోవా చేసి చూపింది

ఒక ఊరికి, రెండు ఊళ్ళకు అయితే ఏమవుతుంది, రాష్ట్రమంతా చేయగలరా అని అడగవచ్చు. చేశారు. బ్రిటన్ పశువైద్యుడు ల్యూక్ గాంబుల్ 2013లో మొదలుపెట్టిన మిషన్ రేబీస్ అనే స్వచ్ఛంద సంస్థ గోవా రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి పనిచేసింది. దేశదేశాల పశువైద్యులు, విద్యార్థులు సొంత సెలవులు పెట్టుకుని వచ్చి, ఇక్కడి వాళ్ళతో కలిసి వాడవాడా తిరిగారు. ఏ వీధిలో ఏ కుక్కకు వేసిందీ ఫోనులో ఎక్కించారు. బళ్ళలో పిల్లలకు పాఠాలు చెప్పారు. పిచ్చికుక్క కనపడితే కబురు చేయడానికి ఫోను నంబరు పెట్టారు.

ఫలితం ఏమిటి? కుక్కల్లో రేబీస్ కేసులు నూటికి 92 వంతులు పడిపోయాయని 2022లో శాస్త్ర పత్రికలో లెక్కలు వచ్చాయి. 2017 తర్వాత కొన్నేళ్ళపాటు అక్కడ ఒక్క మనిషి మరణం కూడా నమోదు కాలేదు. 2021లో గోవా రేబీస్ నియంత్రిత రాష్ట్రమని ప్రకటించుకుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటే. స్వచ్ఛంద సేవకులు నడుం కట్టారు, నిజమే. కానీ ప్రభుత్వం డబ్బు పెట్టింది, తన యంత్రాంగాన్ని కదిలించింది. రెండు చేతులూ కలిస్తేనే చప్పుడైంది.

చచ్చేది ఎవరు?

రేబీస్ వల్ల ఏటా ప్రపంచంలో 59,000 మంది దాకా చనిపోతున్నారని అంచనా. అందులో నూటికి 99 మందికి అది కుక్క కాటు వల్లే వస్తోంది. నూటికి 40 మంది 15 ఏళ్ళ లోపు పిల్లలు. మన దేశం లెక్క 18,000 నుంచి 20,000 అని చాలాకాలం చెప్పారు. ఈమధ్య చేసిన సర్వేలో ఏడాదికి 5,700 పైచిలుకు అని తేలింది. లెక్క ఎంతైనా చచ్చేది ఎవరన్నదాంట్లో మార్పు లేదు. చేలో పనిచేసేవాడు, ఆరుబయట పడుకునేవాడు, చెప్పుల్లేకుండా నడిచేవాడు, ఆసుపత్రికి పోతే కూలి పోయేవాడు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో కుక్కలు కరిచి చంపిన నాలుగేళ్ళ పసివాడు కూడా పొట్ట చేతపట్టుకుని పట్నం వచ్చిన కాపలాదారు కొడుకే. అది రేబీస్ కాదు, కానీ వరస ఒకటే.

2025 ఆగస్టులో ఢిల్లీ కుక్కల్నన్నిటినీ పట్టి బంధించమని సుప్రీంకోర్టు ఆగస్టు 11న చెప్పి, 22న దాన్ని సవరించింది. రోగమున్నవీ కరిచే గుణమున్నవీ తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా చేసి వదలమంది. ఆ పదిరోజులూ టీవీల్లో కుక్కల్ని ప్రేమించేవాళ్ళూ, ద్వేషించేవాళ్ళూ గొంతులు చించుకున్నారు. రెండు వైపులా కార్లున్నవాళ్ళే. మిరప తోట షెడ్డులో పడుకునే మనిషిని అక్కడికి పిలిచినవాడు లేడు.

జంతుసేవ పేరు చెప్పేవాళ్ళంతా ఒకటి కాదని కూడా మనం గుర్తు పెట్టుకోవాలి. జీవకారుణ్యం పేరుతో కూలివాడి కంచంలోకి తొంగిచూసేవాళ్ళున్నారు. పశువుల బండ్లు ఆపి డ్రైవర్లను కొట్టేవాళ్ళున్నారు. కారు దిగకుండా బిస్కెట్లు విసిరి, టీకా సంగతి పట్టించుకోనివాళ్ళున్నారు. ఐసు పెట్టె మోసుకుని గూడెంలోకి వచ్చినవాళ్ళను ఆ గాటన కట్టడం అన్యాయం. పని చూసి మనిషిని ఎంచాలి.

అలాగని దానధర్మాలతోనే పని అయిపోతుందని నేను చెప్పడం లేదు. మా ఆదివారం గుంపు రెండో ఏడు డబ్బుల్లేక మూడు నెలలు ఆగిపోయింది. కుక్కలకు వేసే టీకా మన హైదరాబాదులోనే తయారవుతోంది. మందు లేక కాదు, మోసుకొచ్చే మనిషి లేక, కొనే పద్దు లేక ఊళ్ళకు రావడం లేదు. కుక్కల ద్వారా వచ్చే రేబీసును 2030 నాటికి నిర్మూలిస్తామని కేంద్రం 2021 సెప్టెంబరు 28న ప్రణాళిక ప్రకటించింది. ఆ ప్రణాళిక మన ఊరి దాకా వచ్చిందా అని అడగాల్సింది మనమే.

కరిస్తే ఏం చేయాలి?

ప్రతి గ్రామ కమిటీ ఈ నాలుగు మాటలూ జనానికి నోటికి వచ్చేలా చెప్పాలి.

కరిచినా, గోరు గీరినా, వెంటనే ధారగా పోసే నీళ్ళతో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. సగం ప్రాణం అక్కడే నిలబడుతుంది. కారం, సున్నం, పసరు పెట్టొద్దు. మంత్రం, తాయెత్తు అంటూ పొద్దు పుచ్చొద్దు.

అదేరోజు ఆసుపత్రికి పోవాలి. కుక్కను పదిరోజులు కనిపెట్టి ఉండండి గానీ, దాని కోసం సూది ఆపొద్దు. నెత్తురు వచ్చిన గాయమైతే సీరం అడిగి వేయించుకోవాలి.

చర్మంలో వేసే సూదులు 4: కరిచిన రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. కండకు వేసేవైతే 14వ రోజుది కూడా కలిపి 5. ఒక్కటీ తప్పొద్దు. బొడ్డు చుట్టూ 14 సూదులు అనే పాత భయం వదిలేయండి. గొర్రె మెదడుతో చేసిన ఆ మందు 2004తోనే పోయింది. గర్భిణులు, చంటిపిల్లలు కూడా వేయించుకోవచ్చు.

బర్రెనో, మేకనో కరిస్తే దాన్ని కూడా వెంటనే పశువైద్యుడికి చూపించాలి. పాలు కాచకుండా తాగొద్దు.

రోగం బయటపడ్డాక మందు లేదు. బయటపడకముందు వేసుకుంటే చావు లేదు. ఈ రెండు మాటల మధ్యే మన పిల్లల ప్రాణాలు ఉన్నాయి.

మనం అడగాల్సింది, చేయాల్సింది

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకా ఎప్పుడూ ఉండాలి. సీరం దగ్గర్లోని ఆసుపత్రిలో దొరకాలి. కాటు పడిన కూలికి సూది రోజుల్లో కూలి కోత ఉండకూడదు. దీన్ని ముఠా మేస్త్రులతో, రైతులతో మాట్లాడే ఒప్పందాల్లో చేర్చాలి. వలస కూలీ ఏ ఊరు పోయినా ఆ చీటీ చూపిస్తే తతిమ్మా సూదులు వేయాలి. పంచాయతీ పద్దులో ఏటా కుక్కల టీకాకు డబ్బు కేటాయించాలి. విషం పెట్టడం ఆగాలి. చికెన్ వ్యర్థాలు గుంట తీసి పూడ్చాలి.

ఇవి ప్రభుత్వాన్ని అడిగేవి. మన వంతు కూడా ఉంది. ప్రతి గ్రామ కమిటీలో ఇద్దరు ఈ పని మీద వేసుకోవాలి. సెప్టెంబరు 28 రేబీస్ దినం. ఆ రోజుకు ముందే ఊళ్ళో కుక్కల లెక్క రాసి పశువైద్యశాలలో ఇవ్వాలి. దగ్గర్లో ఆదివారం మనుషులు ఎవరైనా ఉంటే వాళ్ళను పిలవాలి, వచ్చినరోజు వెంట తిరగాలి, అన్నం పెట్టాలి. సంఘం వాళ్ళకు ఇది చిన్నతనం కాదు. మా మండలంలో మూడు గ్రామాల కమిటీలు ఇప్పటికే ఈ పని ఎత్తుకున్నాయి. ప్రతి మిరప కోతల సీజనులో మేస్త్రుల ఫోను నంబర్లన్నీ ఒక పుస్తకంలో రాసుకుంటున్నాం. ముఠా ఊరు మారితే అక్కడి కామ్రేడుకు ఆ రాత్రే ఫోను పోతుంది.

ఆ పిల్లవాడి చీటీ ఇంకా నా దగ్గరే ఉంది. రెండు గళ్ళలో తేదీలు, సంతకాలు ఉన్నాయి. మిగతా గళ్ళు ఖాళీ. ఆ పుస్తకం అట్టలోనే దాన్ని పెట్టాను. కొత్తగా వచ్చిన కార్యకర్త ఎవరైనా, "కుక్కల సంగతి మనకెందుకు?" అని అడిగితే, మాట్లాడకుండా ఆ చీటీ తీసి చేతిలో పెడుతున్నాను.